అమ్మ బీపీ 168: ఏ మిషను, ఏ ఉప్పు, ఏ మాత్ర?

పోయినేడాది ఉగాదికి ఊరెళ్లినప్పుడు అమ్మను మోకాళ్ల నొప్పులకని పట్నంలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరు గది రెండో అంతస్తులో. మెట్లెక్కి ఆయాసపడుతూ వెళ్లి కూర్చుందో లేదో, నర్సమ్మ వచ్చి రవిక చేతి మీదే పట్టీ చుట్టేసింది. "ఏ ఊరు పిన్నీ మీది?" అని కబుర్లాడుతూనే బీపీ చూసింది. 168/96.

ఆ రాత్రి మా వసారాలో పెద్ద సభ. బాబాయి తన కొత్త వాచీ చూపించి "దీంట్లో బీపీ కూడా వస్తుంది, నీకూ ఒకటి కొందాం వదినా" అన్నాడు. మామూలు ఉప్పు మానేసి సైంధవ లవణం వాడమంది పెద్దమ్మ. పక్కింటి మాస్టారు ఇంకో మెట్టు పైకెళ్లి, "నేను పదేళ్లుగా ఇదే వేసుకుంటున్నా, సగం ముక్క వేసుకోండి" అంటూ జేబులోంచి మాత్రల అట్ట తీశారు. ఆవకాయ జాడీని అటక మీదికి ఎక్కించాలని ఫోనులో చెల్లెలి తీర్మానం. అమ్మ మాత్రం, "నాకు తల తిరగట్లేదు, కళ్లు బైర్లు కమ్మట్లేదు. నాకు బీపీ ఏంట్రా?" అంది.

ఆ తర్వాత ఆరేడు నెలల పాటు ఈ సలహాలన్నీ ఒక్కొక్కటిగా పరిశీలించాం. కొన్నింటికి డబ్బు కూడా తగలేశాం. మీ ఇంట్లోనూ ఇలాంటి సభ జరిగే ఉంటుంది కాబట్టి, దేన్ని ఎందుకు తీసుకున్నామో, దేన్ని ఎందుకు వదిలేశామో రాస్తున్నాను. నేను డాక్టరును కాను. మాత్రల విషయంలో చివరి మాట మిమ్మల్ని చూసే డాక్టరుదే.

ముందుగా అమ్మ మాటకు జవాబు. బీపీ ఉంటే తల తిరగాలన్న నియమం ఏమీ లేదు. చాలామందికి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించదు. ఈలోగా గుండె, కిడ్నీలు, కంటి వెనక సన్నని రక్తనాళాలు దెబ్బతింటూ ఉంటాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో సుమారు 24 శాతం, ఆడవాళ్లలో 21 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా వాళ్లు దానికి మందు వాడుతున్నారు. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ సగటు కన్నా పైనే ఉన్నాయి. "నాకు బీపీ తెప్పించకు" అని కోపంలో అంటుంటాం కదా, కోపంతో వచ్చే బీపీ కాసేపటికి దిగిపోతుంది. అసలు ప్రమాదం చడీచప్పుడు లేకుండా పైనే ఉండిపోయే బీపీతో.

ఆస్పత్రి అంకెనా, ఇంటి అంకెనా?

168 నిజమో కాదో తేలనిదే మిగతా సలహాల్లో దేన్నీ తూచలేం. తేల్చుకోవడానికి నాలుగు దారులున్నాయి: మళ్లీ ఆస్పత్రికి వెళ్లడం, ఊళ్లో మెడికల్ షాపులో చూపించుకోవడం, ఇంట్లో మిషను కొనుక్కోవడం, చేతికి పట్టీ కట్టి 24 గంటలు ఉంచే పరీక్ష చేయించుకోవడం.

డాక్టరు గదిలో అడుగుపెట్టగానే బీపీ పెరిగి, ఇంట్లో మామూలుగా ఉండేవాళ్లు చాలామందే ఉన్నారు. తెల్లకోటు బీపీ అంటారు దాన్ని. దానికి తిరగబడిన రకం కూడా ఉంది. ఆస్పత్రిలో 130 చూపించి, ఇంట్లోనో పనిలోనో 150 ఉండేవాళ్లు. నన్నడిగితే వీళ్లదే ఎక్కువ ప్రమాదం. "డాక్టరు గారు నార్మల్ అన్నారు" అన్న ధీమాతో ఉండిపోతారు కదా. ఈ రెండు రకాలనూ ఒక్క ఆస్పత్రి అంకె పట్టుకోలేదు.

24 గంటల పరీక్ష అన్నిటికన్నా నిక్కమైనది. పగలు 15–30 నిమిషాలకోసారి, రాత్రి కాస్త దూరం దూరంగా, నిద్రలో కూడా కొలుస్తుంది. రాత్రి బీపీ తగ్గుతోందా లేదా అన్నది దాంతోనే బాగా తెలుస్తుంది. కాకపోతే పెద్ద ఊళ్లకు వెళ్లాలి, ఖర్చు, చెయ్యి పదే పదే బిగుసుకుంటుంటే నిద్ర పట్టదు. డాక్టరుకు అనుమానం తీరనప్పుడు చేయించుకోవాల్సిన పరీక్ష అది. మెడికల్ షాపు దగ్గర రోడ్డు మీద నిలబడి చూపించుకునే బీపీని మాత్రం లెక్కలోకే తీసుకోకండి.

మేం ఇంటి మిషనే ఎంచుకున్నాం. ఒక విషయం గుర్తుంచుకోవాలి: బీపీ ఉందని తేల్చే గీత ఆస్పత్రిలో 140/90 అయితే, ఇంట్లో కొలిచినప్పుడు 135/85. రెండిట్లో ఏ ఒక్క అంకె గీత దాటినా దాటినట్టే. అమెరికా వాళ్లు 2017లో గీతను 130/80కి దించారు. అందుకే డాలస్‌లో ఉన్న మా మేనమామ కొడుక్కి 134/84 వస్తే అక్కడ బీపీ ఉందన్నారు, సెలవులకొచ్చినప్పుడు ఇక్కడి డాక్టరు ఇంకా లేదన్నారు. మనిషి అదే, గీత వేరు. అయితే గీత దగ్గర్లో ఉన్నవాళ్లు ఉప్పు, బరువు చూసుకోవాలన్న దాంట్లో ఇద్దరిదీ ఒకటే మాట.

మిషన్లలో ఏది?

చేతికి పట్టీ చుట్టి పాదరసం గొట్టంతో బీపీ కొలిచే పద్ధతిని 1896లో ఇటలీలో రివా రోచ్చి అనే డాక్టరు తెచ్చాడు. స్టెతస్కోపు పెట్టి చప్పుడు వింటూ కొలవడం 1905లో రష్యా డాక్టరు కొరొత్కోవ్ కనిపెట్టింది. నూరేళ్లకు పైగా ఇదే కొలబద్ద. ఇప్పటికీ మన ఊళ్లల్లో "పాదరసం మిషనే కరెక్టు, ఈ కరెంటువి అబద్ధాలు చెప్తాయి" అనేవాళ్లున్నారు. చూసే చెయ్యి బాగుంటే పాదరసం మంచిదే. కానీ పగిలితే విషం, పైగా పాదరసాన్ని కట్టడి చేసే మినమాతా ఒప్పందం కింద ప్రపంచమంతా ఈ పరికరాలను వదిలించుకుంటోంది. ఇంట్లో మనకు మనమే చూసుకోవడానికి అది ఎలాగూ పనికిరాదు. గుండ్రటి ముల్లు డయల్ ఉండేది కూడా అంతే. చెవి అలవాటుండాలి, ఎప్పటికప్పుడు సరిచేయించాలి.

ఇక మిగిలినవి మూడు: మోచేతి పైన కట్టే ఆటోమేటిక్ మిషను, మణికట్టుకు కట్టేది, వాచీ.

బాబాయి వాచీ సంగతి ముందు తేల్చేస్తాను. పట్టీ బిగుసుకోకుండా, వెలుతురుతో నాడిని చూసి బీపీ అంచనా వేసే వాచీలను, ఉంగరాలను నమ్మి వైద్యం చేయొద్దని ఐరోపా బీపీ నిపుణుల సంఘాలు చెబుతున్నాయి. చాలావాటికి ముందు మామూలు మిషనుతో చూసిన అంకె ఎక్కించాలి, అక్కణ్ణుంచి అవి అంచనా కడతాయి. బాబాయి వాచీ మూడు రోజుల పాటు 121, 122, 120 చూపిస్తూనే ఉంది. అదే సమయంలో ఆయనకు మామూలు మిషనులో 140 పైనే వచ్చింది. అడుగులు లెక్కపెట్టుకోవడానికి ఆ వాచీ బాగానే పనికొస్తుంది.

మణికట్టు మిషను చిన్నది, ప్రయాణంలో బాగుంటుంది. దాని తప్పంతా ఎత్తుతోనే. చెయ్యి గుండె కన్నా పది సెంటీమీటర్లు కిందికి ఉంటే అంకె ఏడెనిమిది పెరిగిపోతుంది, పైకి ఉంటే అంతే తగ్గుతుంది. ఒళ్లో చెయ్యి పెట్టుకుని నొక్కేవాళ్లే ఎక్కువ. చెయ్యి బాగా లావుగా ఉండి పై పట్టీ ఎంతకీ సరిపోనివాళ్లకు డాక్టరు చెబితే దీన్ని తీసుకోవచ్చు, లేకపోతే వద్దు.

కాబట్టి కొనాల్సింది మోచేతి పైన కట్టేదే. ధర రెండు వేల రూపాయలకు కాస్త అటూ ఇటూ. బ్లూటూత్, మాట్లాడే గొంతు, రంగుల లైట్ల కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు. చూడాల్సినవి రెండే. ఒకటి, ఆ మోడల్ పరీక్షల్లో నెగ్గిందా అన్నది. స్ట్రైడ్ బీపీ అనే వెబ్‌సైటులో మోడల్ నంబరు కొట్టి చూడొచ్చు. కంపెనీ పేరు పెద్దదైనంత మాత్రాన ప్రతి మోడలూ పరీక్షించి ఉండదు. రెండోది, చాలామంది అసలు పట్టించుకోనిది, పట్టీ కొలత. దర్జీ టేపుతో భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుట్టుకొలత తీయండి. మామూలుగా మిషనుతో వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి. అమ్మ చెయ్యి 35. మేం కొన్న మొదటి మిషను పట్టీ చిన్నది కావడంతో పది పన్నెండు ఎక్కువే చూపించింది. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ పుట్టుకొస్తుంది. తర్వాత 22–42 పట్టీ విడిగా తెప్పించాం. ముందే కొలుచుకుని ఉంటే ఆరొందలు మిగిలేవి.

గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకు ఈ ఆటోమేటిక్ మిషన్లు ఒక్కోసారి తికమకపడతాయి. ప్రతిసారీ అంకె బాగా మారుతున్నా, తెర మీద లయ తప్పిందని చెప్పే గుర్తు పదే పదే కనిపిస్తున్నా డాక్టరుకు చెప్పి ఈసీజీ తీయించుకోవాలి.

కూర్చునే తీరు

మిషను ఎంత మంచిదైనా మంచం పట్టె మీద కాళ్లూపుతూ చూసుకుంటే లాభం లేదు. వీపు ఆనే కుర్చీ, నేలకు ఆనిన పాదాలు, కాలు మీద కాలు లేకుండా. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో. 2024లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు సరిగ్గా ఇదే కొలిచారు: చెయ్యి పక్కకు వేలాడదీస్తే పై అంకె సగటున ఆరున్నర ఎక్కువ, ఒళ్లో పెట్టుకుంటే దాదాపు నాలుగు ఎక్కువ వచ్చింది. కాఫీ, టీ, చుట్ట, బీడీ అరగంట ముందే ఆపాలి. బాత్రూముకు వెళ్లొచ్చి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ కింద బట్ట ఉండకూడదు. రవిక చెయ్యి పైకి మడిస్తే అది తాడులా బిగుసుకుంటుంది, కాబట్టి వదులు చేతుల జాకెట్టో నైటీయో నయం. మాట్లాడకూడదు, ఎవరూ మాట్లాడించకూడదు. ఆ రోజు ఆస్పత్రిలో అమ్మ విషయంలో వీటిలో ఎన్ని తప్పాయో మీరే లెక్కపెట్టండి.

పొద్దున మాత్ర, టిఫిను కన్నా ముందు నిమిషం తేడాతో రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, ఏడు రోజులు. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయాలి. డాక్టరుకు చూపించాల్సింది ఆ సగటునే. మొదటిసారి మాత్రం రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఆ తర్వాత చూసుకోవాలి.

అమ్మ సగటు 146/86 వచ్చింది. అంటే ఆస్పత్రి భయపెట్టినంతా లేదు, అమ్మ కొట్టిపారేసినట్టూ కాదు. బీపీ ఉంది.

ఉప్పులో ఉప్పు

సైంధవ లవణం, నల్ల ఉప్పు, గులాబీ రంగు హిమాలయ ఉప్పు, రాళ్ల ఉప్పు, మెత్తుప్పు. వీటిలో బీపీకి ఏది మంచిదని అడిగితే జవాబు చిన్నదే: ఏదీ కాదు. అన్నిట్లోనూ ఉండేది ప్రధానంగా సోడియం క్లోరైడే. గులాబీ రంగు తెచ్చే ఖనిజాలు ఆవగింజంత. గింజ పెద్దదైతే చెంచాలో కాస్త తక్కువ పడుతుంది, అంతే తేడా. పైగా చాలా సైంధవ లవణాల్లో అయోడిన్ కలపరు, అదొక నష్టం. పెద్దమ్మ నొచ్చుకుంది గానీ కిలో మామూలు ఉప్పుకు నాలుగైదు రెట్ల ధర పెట్టి అదే సోడియం ఎందుకు కొనాలి?

నిజంగా తేడా ఉన్న ఉప్పు ఒకటే, సోడియం కొంత తీసి పొటాషియం కలిపినది. చైనాలో 600 ఊళ్లలో, సుమారు 21 వేల మందితో ఐదేళ్లకు దగ్గరగా దీన్ని పరీక్షించారు. మూడొంతులు మామూలు ఉప్పు, ఒక వంతు పొటాషియం క్లోరైడ్ కలిపి వాడిన ఊళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో ఫలితం వచ్చింది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇళ్లలో ఇలాంటి ఉప్పు వాడకాన్ని సమర్థించింది. కాకపోతే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపే మందులు వాడేవాళ్లకు ఇది ప్రమాదం కావచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మా కథలో మళ్లీ వస్తుంది. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక సోడియం ఎంత తగ్గించారో చూడండి. మన దగ్గర దొరికే వాటిలో కొన్ని 15 శాతమే తగ్గిస్తాయి. చైనా పరీక్షలో తగ్గింది పాతిక శాతం.

కానీ ఏ ఉప్పు అన్నదాని కన్నా ఎంత ఉప్పు అన్నదే పెద్ద ప్రశ్న. రోజుకు మనిషికి 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థా, మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థా ఒకే మాట చెబుతున్నాయి. 5 గ్రాములంటే ఒక టీ చెంచా. అదెలా కొలుస్తాం అని అమ్మ అడిగింది. నేను చేసిన లెక్క ఇది: ఇంట్లో నలుగురుంటే రోజుకు 20 గ్రాములు, నెలకు 600. అంటే కిలో ప్యాకెట్ యాభై రోజులు రావాలి. మా ఇంట్లో ఉన్నది ముగ్గురు, ప్యాకెట్ నెలకే అయిపోయేది. అదీ పచ్చడి ఉప్పు, అప్పడం ఉప్పు కలపకుండా.

ఇక ఆవకాయ. దీన్ని బొత్తిగా మానెయ్యమంటే మా ఇంట్లో బీపీ అందరికీ వచ్చేది. ఆవపిండి, కారం, ఉప్పు దాదాపు సమపాళ్లలో పోసి కలిపే పచ్చడి అది. తూకంలో పదో వంతే ఉప్పు అనుకున్నా, పెద్ద చెంచాడు వేసుకుంటే గ్రామున్నర ఒంట్లోకి వెళ్తుంది. రోజు కోటాలో దాదాపు మూడో వంతు. పప్పన్నంలో ఆవకాయ, పెరుగన్నంలో ఆవకాయ, పక్కన చల్ల మిరపకాయ, రెండు అప్పడాలు అంటే కూర చేరకముందే కోటా అయిపోయినట్టే. ఎండుచేపలు కూడా ఈ జాబితాలోవే. మేం కుదుర్చుకున్న ఒప్పందం: ఆవకాయ వేసుకున్న పూట పప్పులో ఉప్పు సగం, మజ్జిగలో ఉప్పు లేదు, అప్పడం లేదు. పెరుగన్నంలోకి ఉప్పు మిరపకాయ బదులు పచ్చి ఉల్లిపాయ. చింతపండు, నిమ్మకాయ, వాము, ఇంగువ కాస్త ఎక్కువ వేస్తే ఉప్పు తగ్గిందని నాలుకకు అంతగా తెలియదు. కొన్ని వారాల్లో నాలుక సర్దుకుంటుంది కూడా. మూడో వారానికి అమ్మే, పెళ్లి భోజనం తినొచ్చి, "వంటవాడు ఉప్పు గుమ్మరించాడు" అని విసుక్కుంది.

బజారు సరుకు విషయంలో ఒక్క సూత్రం: ప్యాకెట్ మీద సోడియం మిల్లీగ్రాముల్లో రాసి ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు.

నడక గురించి కొత్తగా చెప్పేదేం లేదు. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగంతో. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు కిలో తగ్గితే పై అంకె సుమారు ఒకటి దిగుతుంది. మోకాళ్లు సహకరించని అమ్మ లాంటివాళ్లకు నడక కన్నా కుర్చీ వ్యాయామాలే నయం. కుర్రవాళ్లయితే గోడకు వీపు ఆనించి గోడకుర్చీ వెయ్యొచ్చు, బడిలో శిక్షగా వేసినదే. కదలకుండా బిగబట్టే ఇలాంటి వ్యాయామాలు బీపీని బాగా తగ్గిస్తున్నాయని 2023లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు.

మాత్రలు

ముందు మాస్టారి సగం ముక్క గురించి. ఒకరి బీపీ మాత్ర ఇంకొకరికి ఇవ్వడం కళ్లజోడు ఇచ్చినట్టు కూడా కాదు, అంతకన్నా ప్రమాదం. ఆయనకు గుండెజబ్బు ఉంది, అందుకని అటెనలాల్ ఇచ్చారు. ఉబ్బసం ఉన్నవాళ్లు దాన్ని వేసుకుంటే ఊపిరి ఆడకపోవచ్చు. అమ్మకు చిన్నప్పటి నుంచి ఆయాసం.

మనవాళ్లకు ఎక్కువగా రాసేవి మూడు నాలుగు రకాలు. అమ్లోడిపిన్ రక్తనాళాలను సడలిస్తుంది, చవక, ఒక పూట మరిచిపోయినా పట్టు వదలదు. కొందరికి కాళ్లు వాస్తాయి. టెల్మిసార్టన్ కిడ్నీలకు, షుగరు ఉన్నవాళ్లకు అనుకూలం. గర్భిణులు వాడకూడదు, పొటాషియం పెరగొచ్చు. దాని చుట్టాలైన రామిప్రిల్, ఎనలాప్రిల్ కొందరికి వదలని పొడి దగ్గు తెస్తాయి. దగ్గు మందులు మార్చి మార్చి తాగుతూ, కారణం బీపీ మాత్ర అని తెలియనివాళ్లను చూశాను. క్లోర్తాలిడోన్ లాంటివి ఉప్పును మూత్రంలో పంపేస్తాయి. పెద్దవాళ్లలో ఒక్కోసారి సోడియం మరీ పడిపోతుంది, అందుకే రక్తపరీక్ష చేయిస్తుండాలి.

వీటిలో ఏది గొప్ప అంటే, బీపీ దించడంలో పెద్ద తేడా లేదు. మీకున్న మిగతా జబ్బులు, మీ ఒంటికి పడేది పడనిది చూసే ఎంపిక జరగాలి. ఒక మాత్ర చాలనప్పుడు దాన్నే రెట్టింపు చేయడమా, ఇంకో రకం జోడించడమా? చాలామంది రెండో మాత్ర అనగానే "జబ్బు ముదిరింది" అని టెన్షన్ పడతారు. నిజానికి అదే మాత్రను రెట్టింపు చేసినదాని కన్నా వేరే రకం కలిపితే ఫలితం సుమారు ఐదు రెట్లని పాత పరీక్షలన్నీ కలిపి లెక్కగట్టినవాళ్లు తేల్చారు. చిన్న మోతాదుల్లో రెండు ఉంటే ఇబ్బందులూ తక్కువే. మన దేశంలోనే టాప్‌స్పిన్ అని సుమారు 2,000 మందితో ఈ మధ్య ఒక పరీక్ష జరిగింది. మూడు వేర్వేరు జంట మాత్రలు ఇచ్చి చూస్తే మూడూ దాదాపు ఒకేలా పనిచేశాయి.

పొద్దున వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా అన్న వాదన కూడా ఉంది. బ్రిటన్‌లో 21 వేల మందిని అయిదేళ్లకు పైగా చూసిన టైమ్ అనే పరీక్ష 2022లో తేల్చింది: గుండెపోటు, పక్షవాతం విషయంలో తేడా లేదు. మీరు మరిచిపోని పూటే మంచి పూట. మూత్రం ఎక్కువ చేసే మాత్రను మాత్రం పొద్దునే వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు.

కంపెనీ మాత్రా, జనరిక్ మాత్రా? జన ఔషధి దుకాణంలో అవే మందులు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, తెలంగాణలో బస్తీ దవాఖానల్లో బీపీ మందులు ఉచితం. నాకైతే ధర వల్ల నెల మధ్యలో ఆగిపోయే ఖరీదైన మాత్ర కన్నా ఏడాదంతా ఆగని చవక మాత్రే మేలనిపిస్తుంది.

"చెట్టు మందు వాడితే పోదా?" అని పెద్దమ్మ. చెట్టు మందుకు నేను వ్యతిరేకిని కాను. సర్పగంధ వేరు బీపీని తగ్గిస్తుందని 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జల్ వకీల్ రాసిన వ్యాసంతోనే ప్రపంచం దాన్ని గుర్తించింది. దాన్నుంచి తీసిన రెసర్పిన్‌ను దేశదేశాల్లో వాడారు. దిగులు కమ్మేయడం లాంటి ఇబ్బందులు కనిపించాయి, అంతకన్నా మెరుగైనవి రావడంతో పక్కకు పోయింది. అంటే చెట్టు మందుకూ మోతాదు ఉంటుంది, దుష్ఫలితమూ ఉంటుంది. పొట్లం మీద మోతాదు రాయని పొడిని మాత్రం నేను అమ్మకివ్వను.

ఇక మా కథ. డాక్టరు ఏడు రోజుల కాగితం చూసి మొదట అడిగింది, "మోకాళ్ల నొప్పులకు ఏం వాడుతున్నారు?" అని. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, రోజూ ఒకటి, ఏడాదిగా. అలాంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునీళ్లను ఆపి బీపీని పెంచుతాయి, కిడ్నీలనూ కొడతాయి. మేం ఉప్పు, మిషను, వాచీ అని కొట్టుకుంటుంటే అసలు దొంగల్లో ఒకటి అమ్మ కొంగుముడిలోనే ఉంది. దాన్ని ఆపించి, పైపూత మందు, అవసరమైతే పారాసిటమాల్ ఇచ్చారు. ఉప్పు తగ్గించి నెల తర్వాత చూస్తే సగటు 139/84. పై అంకె ఇంకా గీతకు పైనే. చిన్న మోతాదులో అమ్లోడిపిన్ మొదలుపెట్టారు. రెండు నెలలకు చీలమండలు వాచాయి, టెల్మిసార్టన్‌కు మార్చారు. అప్పటికే చెల్లెలు పొటాషియం ఉప్పు ప్యాకెట్లు నాలుగు పంపేసింది. టెల్మిసార్టన్ మీద అది వద్దు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం చూశాకే అన్నారు డాక్టరు. చూస్తే పొటాషియం పై గీత దగ్గరే ఉంది. ఆ ప్యాకెట్లు ఇప్పుడు బీపీ మాత్రల జోలికి ఇంకా పోని, కిడ్నీ పరీక్ష బాగా వచ్చిన చెల్లెలింట్లోనే ఉన్నాయి.

ఒక్క హెచ్చరిక. ఇంట్లో మిషను ఉంటే గంటకోసారి చూసుకుని బెంబేలెత్తే ప్రమాదం ఉంది. 180/120 కనిపిస్తే ముందు ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడాలి. ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోతే ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి, అంతేగాని రెండు మాత్రలు ఎక్కువ మింగకూడదు. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక వైపు చెయ్యో కాలో పట్టు తప్పడం ఉంటే మాత్రం ఇంక మిషను వదిలేసి 108కి ఫోను చెయ్యాలి. మాత్రలు వాడే పెద్దవాళ్లకు లేచి నిలబడ్డాక కూడా ఒకసారి చూడాలి. పై అంకె 20 పడిపోతే బాత్రూములో తూలి పడే ప్రమాదం ఉందన్నమాట, అది డాక్టరుకు చెప్పాలి.

ఇప్పుడు అమ్మకు వారానికి రెండు రోజులు చూసుకుంటే చాలన్నారు. సగటు 128/78 దగ్గర నడుస్తోంది. అంకెలు వంటగది కేలండరు మీద, పాలవాడి లెక్క పక్కనే రాస్తుంది. నిన్న పొద్దున ఫోను చేస్తే నాన్న ఎత్తి, "మీ అమ్మ కుర్చీలో కూర్చుంది, ఐదు నిమిషాలు ఎవ్వర్నీ మాట్లాడొద్దంటోంది" అని గుసగుసగా చెప్పి పెట్టేశారు.